బాల్ పైథాన్: ఆడపాము జతకు సిద్ధమయ్యే దశ

పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన ఈ చిన్న కొండచిలువను (పైథాన్ రీజియస్) అమెరికా, ఐరోపాల్లో విరివిగా పెంచుతారు. ఆడదాన్ని జతకట్టించడానికి పెంపకందారులు సాధారణంగా పాటించే హద్దు సుమారు 1,500 గ్రాముల బరువు, మూడేళ్ల వయసు. బరువొక్కటే చాలదు. అతిగా మేపి లావెక్కించిన పాము త్రాసులో నెగ్గవచ్చు గానీ ఈడుకు వచ్చినట్టు కాదు. వెన్నెముక పొడుచుకు రాకుండా, కొవ్వు మడతలు పడకుండా కండ పట్టి ఉండాలి. పాము జతకు సిద్ధమైందో లేదో తెలుసుకోవడానికి చేతి అంచనా కన్నా నమ్మదగింది అల్ట్రాసౌండ్. అండాశయంలో ఎదుగుతున్న అండపుటికలు అందులో కనిపిస్తాయి. గుడ్లు పెట్టాక తల్లి వాటిని చుట్టుకుని దాదాపు రెండు నెలలు పొదుగుతుంది. ఆ రోజుల్లో సాధారణంగా మేత ముట్టదు. ఒక విడత గుడ్లతో చిక్కిన పామును, ఏడాది పోయినా సరే, మళ్లీ ఒళ్లు చేసేదాకా మగపాముతో కలపకూడదు.