సహజం: తోడబుట్టిన అందం
ఫ్యాషన్ ఫొటోల కింద ‘సహజ సౌందర్యం’ అన్న మాట ఇప్పుడు విరివిగా కనిపిస్తోంది. పోజు పెట్టనిది అన్న అర్థంలో వాడేస్తున్నారు. సంస్కృతం నుంచి వచ్చిన ఈ తత్సమానికి అసలు అర్థం వేరు. ‘సహ’ అంటే తోడు, ‘జ’ అంటే పుట్టినది, సహజమంటే తోడబుట్టినది. అందుకే సొంత అన్నదమ్ముడు సహజుడు, కర్ణుడివి సహజ కవచకుండలాలు, పోతనది సహజ పాండిత్యం. అగ్రజుడు, అనుజుడు, జలజం దీని చుట్టాలే. ఈ లెక్కన సహజానికి ఎదురుమాట పోజు కాదు, పైనుంచి అతికించినది. సాక్ష్యం మదురై పుదుమండపంలో ఉంది. 1623 నుంచి 1659 దాకా ఏలిన తిరుమల నాయకుడు అక్కడ స్తంభశిల్పమై చేతులు జోడించి నిలబడ్డాడు. ఆ నిలుపు ముమ్మాటికీ పోజే. అయినా శిల్పి ఆయన బొజ్జను దాచలేదు, నడుము సన్నం చెయ్యలేదు. పోజు పెట్టాక సహజత్వం ఎక్కడిదని అడగవచ్చు. నిలబడే తీరు నేర్పితే వస్తుంది, ఒళ్లు మాత్రం తోడబుట్టిందే. కోయంబత్తూరు తెలుగు ఇళ్ల పెళ్లి ఆల్బంలోనైనా, పత్రిక అట్ట మీదైనా, చామనఛాయను తెల్లబరిచి పుట్టుమచ్చను తుడిచేసిన ఫొటోకు ‘సహజ సౌందర్యం’ అన్న పేరు చెల్లదు. కెమెరా కోసమే నిలబడినా, ఆ రెండిటినీ ఉంచిన ఫొటోకు నిండుగా చెల్లుతుంది.