ఒకే పటంలోకి: తిరుపతి సీమలో ఫోటో మిక్సింగ్ కథ

తిరుమల ఆలయం లోపలికి భక్తుల కెమెరాలు, సెల్‌ఫోన్లు పోవు. స్వామి సన్నిధిలో నిలబడి ఫోటో దిగే వీలు లేదు. అయినా మన ఇళ్ల గోడల మీద గుండ్లు చేయించుకున్న కుటుంబం, వెనక ఆనందనిలయం, పైన స్వామి ఒకే పటంలో కనిపిస్తారు. ఆ దర్శనం కల్పించింది స్టూడియోవాడు. కంటికి దక్కనిదాన్ని పటంలో దక్కించడమే ఇక్కడ ఫోటో మిక్సింగ్ కళకు ప్రాణమని నా నమ్మకం.

ఇది కంప్యూటర్‌తో పుట్టిన విద్య కాదు. 1857లోనే ఇంగ్లండులో ఆస్కార్ రేలాండర్ ముప్పైకి పైగా నెగటివ్‌లు కలిపి ఒకే చిత్రం అచ్చువేశాడు. సరిగ్గా నూరేళ్లకు, 1957లో, మద్రాసు నుంచి ఇలాంటి కెమెరా మాయలతో 'మాయాబజార్' సినిమా వచ్చింది. దర్శకుడు కె.వి.రెడ్డిది తాడిపత్రి, నిర్మాతల్లో ఒకరైన నాగిరెడ్డిది కడప జిల్లా పొట్టిపాడు. ఇద్దరూ రాయలసీమవాళ్లే. కెమెరా మార్కస్ బార్ట్లీ. ఆ కాలపు మాస్క్ షాట్ చాలా ఓపికతో కూడిన పని. కెమెరాను కదలకుండా బిగించి, కటకం ముందు సగం మూసి ఒకసారి తీస్తారు. ఫిల్మును వెనక్కి తిప్పి, మిగతా సగం మూసి మళ్లీ తీస్తారు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా అతుకు బయటపడుతుంది. 'రాముడు భీముడు' (1964) లాంటి ద్విపాత్రాభినయ సినిమాలకు ఇదే ఆధారం.

ఊరి స్టూడియోకు అంత సరంజామా ఎక్కడిది? గోపురం గీసిన తెర, సన్నమొన పెన్సిలు, డార్క్‌రూమ్, అంతే. నెగటివ్ మీద పెన్సిలుతో మచ్చలు మాపడాన్ని 'టచింగ్' అనేవారు. అసలు పనితనం పోయినవాళ్ల ఫోటోల్లో తెలిసేది. తాత ముఖం ఏదో పెళ్లి గ్రూప్ ఫోటోలో వెనక వరుసలో మాత్రమే ఉంటుంది. దాన్ని పెద్దది చేసి, బ్లేడుతో కత్తిరించి, అంచు నీడ పడకుండా కాగితాన్ని వెనకవైపు గీకి పలచన చేసి, అవ్వ ఫోటో పక్కన అంటిస్తారు. అతుకు మీద కుంచెతో రంగు అద్ది, మొత్తాన్ని మళ్లీ ఫోటో తీస్తారు. బతికుండగా జంటగా ఫోటో దిగని దంపతులు అలా ఒక చట్రంలోకి వచ్చేవారు. దీన్ని మోసమనడం నాకు ఒప్పదు.

1990 ఫిబ్రవరిలో నోల్ సోదరులు తయారుచేసిన ఫోటోషాప్‌ను అడోబ్ విడుదల చేసింది. 1994లో మూడో వెర్షన్‌తో లేయర్లు వచ్చాయి. అద్దాల పలకల్లా ఒకదానిపై ఒకటి పేర్చిన బొమ్మల్లో దేన్నైనా విడిగా జరపొచ్చు, చెరపొచ్చు. అంటించిన కాగితానికి ఆ వెసులుబాటు లేదు. తర్వాత కరిజ్మా అనే డిజిటల్ పెళ్లి ఆల్బమ్‌లు, ఫ్లెక్సీ బ్యానర్లు, ఇప్పుడు ఫోన్‌లోనే నేపథ్యం మార్చే యాప్‌లు.

వేగం వచ్చింది కానీ చూపు తగ్గింది. ఫ్లెక్సీలో ఒక ముఖానికి వెలుగు ఎడమ నుంచి, పక్క ముఖానికి కుడి నుంచి పడుతుంది. కాళ్ల కింద నీడ ఉండదు, మనుషులు గాలిలో తేలుతారు. పాత టచింగ్ కళాకారుడు మొదట చూసింది వెలుగు దిశనే. ఈ పని నేర్చుకునే పిల్లలు అక్కడే మొదలుపెట్టాలి.

ఆ పాత పటాల కింద చేసినవారి పేర్లు లేవు. స్టూడియోలు మూతపడుతుంటే నెగటివ్ పెట్టెలు తూకానికి పోతున్నాయి. 1954 నుంచి తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి చరిత్ర శాఖ వీటిని సేకరించాలి. అంతవరకు మీ ఇంట్లో అలాంటి పటం ఉంటే పారేయకండి. వెనక్కి తిప్పి స్టూడియో ముద్ర ఉందేమో చూసి, ఊరు, పేరు రాసి పెట్టండి.