చీపురు పక్కన పెట్టాను

దీపం వెలిగించగానే గోడమీద వాలే పురుగుని చూస్తే మీరేం చేస్తారు? నేనైతే చీపురు అందుకునేదాన్ని. జీన్ స్ట్రాటన్ పోర్టర్ కథ తెలిశాక నా చెయ్యి కాస్త వెనక్కి తగ్గింది.

అమెరికాలో ఇండియానా రాష్ట్రం, జెనీవా అనే చిన్న ఊరు. 1895లో ఆవిడ భర్తతో, కూతురితో అక్కడ కొత్తింట్లో కాపురం పెట్టింది. దగ్గర్లోనే లింబర్‌లాస్ట్ అనే పెద్ద చిత్తడి అడవి. కెమెరా చేతికొచ్చాక పక్షులే కాదు, శలభాలూ ఆవిడకి చుట్టాలైపోయాయి. స్నానాలగదే డార్క్‌రూమ్! ఫోటో పలకలు కడిగేది వంటింటి పళ్ళేల్లో! ముక్కున వేలేసుకోకండి, ఇల్లాలికి వేరే గది ఎవరిచ్చారు గనక?

మన దసలి పట్టుపురుగు కుటుంబానిదే సెక్రోపియా అనే శలభం. రెక్కలొచ్చాక దానికి తినడానికి పనికొచ్చే నోరే ఉండదు. బతికేది వారమో, రెండు వారాలో. ఫోటోలో రంగు పడదాయె. అందుకని ప్రాణంతో ఉండగానే ఫోటో తీసి, చూస్తూ చూస్తూ నీటిరంగులు అద్దేది. ఆ శ్రమంతా 1912లో పుస్తకమైంది.

ఈలోగా చెట్లు కొట్టి, కాలువలు తవ్వి, ఆ చిత్తడిని పొలాలు చేసేశారు. 1913లో ఆవిడా ఊరు విడిచింది. ఈమధ్య కొంత నేలని మళ్ళీ చిత్తడిగా మార్చారు. కానీ అప్పటి అడవిలో ఎవరెవరు కాపురమున్నారో చెప్పడానికి ఆ బొమ్మలే సాక్ష్యం.

నిన్నరాత్రి మా వరండా గోడమీద బూడిదరంగు శలభం వాలింది. మనవడి సెల్‌ఫోన్‌తో ఫోటో తీయించి, పాలపద్దు పక్కనే తేదీ వేసుకున్నాను. పేరు తెలియదు. వచ్చి వెళ్ళిందని మాత్రం రాసిపెట్టాను.