టోల్కీన్ మరుగుజ్జుల పేర్లు

ఆంగ్ల రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్ (1892–1973) రాసిన 'ది హాబిట్' నవలలోని మరుగుజ్జుల పేర్లు, వారి వెంట నడిచే మాంత్రికుడు గాండాల్ఫ్ పేరు ఆయన కల్పించినవి కావు. దాదాపు అన్నీ పాత నార్స్ భాషలోని 'వోలుస్పా' అనే కావ్యం నుంచి తీసుకున్నవే.

సోదె చెప్పే ఒక స్త్రీ ఓడిన్ దేవుడికి సృష్టి మొదలు ప్రళయం దాకా వినిపించే కథ వోలుస్పా. అందులో మరుగుజ్జుల పుట్టుక చెప్పే చోట కథ ఆగిపోయి, వరసగా కొన్ని పద్యాల నిండా పేర్లే వస్తాయి. ఎవరు ఏం చేశారో ఒక్క మాటా ఉండదు. ఈ పట్టికను ఎవరో తర్వాత చేర్చారని పలువురు పండితుల అభిప్రాయం. కావ్యానికి ముఖ్య ఆధారమైన రాతప్రతి 13వ శతాబ్దం నాటిది. 1643లో ఒక ఐస్‌లాండ్ బిషప్ చేతికి చిక్కి, డెన్మార్క్ రాజుకు కానుకగా వెళ్లి, 1971లో తిరిగి ఐస్‌లాండ్ చేరింది.

టోల్కీన్ 1925లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆంగ్లో-శాక్సన్ ఆచార్యుడయ్యాడు. ఐస్‌లాండ్ గాథలను మూలంలో చదువుకోవడానికి తోటి అధ్యాపకులను కూడగట్టి ఒక బృందం నడిపాడు. కాబట్టి పిల్లల కథకు పేర్లు కావలసి వచ్చినప్పుడు ఈ పట్టిక ఆయన చేతికి అందుబాటులోనే ఉంది. నవలలోని 13 మంది మరుగుజ్జుల్లో థోరిన్, ద్వాలిన్, ఫిలి, కిలి, డోరి, నోరి, ఓరి వంటి వారంతా అక్కడివారే. బాలిన్ ఒక్కడే ఆ జాబితాలో లేడు. ఆ పేరుగల వీరుడు ఆర్థర్ రాజు కథల్లో ఉన్నాడు.

పేరు ఉండి కథ లేకపోవడమే టోల్కీన్‌కు కలిసొచ్చింది. బోంబుర్ అంటే ఉబ్బినవాడు అనే అర్థం చెబుతారు. నవలలో అతడు భారీకాయుడు. ఓకు చెక్క డాలు పట్టినవాడు అనే అర్థమున్న మరో పేరు పట్టికలో విడిగా ఉంది. టోల్కీన్ దాన్ని థోరిన్‌కు బిరుదుగా తగిలించాడు. ఆ బిరుదు ఎలా వచ్చిందో చెప్పడానికి తర్వాత ఒక యుద్ధాన్నే సృష్టించాడు. అందులో డాలు విరిగిపోయిన థోరిన్ ఓకు కొమ్మను అడ్డుపెట్టుకొని పోరాడతాడు.

అన్నిటిలోకీ ఆసక్తికరమైనది గాండాల్ఫ్ పేరు. నార్స్‌లో 'గాండ్' అంటే మంత్రదండం, 'ఆల్ఫ్' అంటే ఎల్ఫ్ అనే మరో అతిలోక జాతివాడు. ఎల్ఫ్ అనే మాట పేరులోనే ఉన్నవాడు మరుగుజ్జుల వరసలో ఎందుకు నిలబడ్డాడన్నది వింతే. నార్వే రాజుల చరిత్రల్లోనూ ఈ పేరుగల రాజు కనిపిస్తాడు. తొలి చిత్తుప్రతిలో గాండాల్ఫ్ మరుగుజ్జుల నాయకుడు. మాంత్రికుడి పేరు బ్లాడోర్థిన్. కథ సాగుతుండగా నాయకుడు థోరిన్ అయ్యాడు, గాండాల్ఫ్ పేరు చేతికర్ర పట్టిన ముసలివాడికి దక్కింది. పేరుకు తగిన మనిషి అప్పుడు దొరికాడు. నవలలోని డ్రాగన్ స్మౌగ్ పేరుకూ మూలం పాత జర్మానిక్ క్రియే, కన్నంలో దూరడం అని దాని అర్థం.

1937 సెప్టెంబరులో నవల వెలువడింది. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' (1954–55) రాసేటప్పుడు మాత్రం చిక్కు వచ్చిపడింది. తాను కల్పించిన ప్రపంచంలో నార్స్ పేర్లు ఎలా ఉంటాయి? దీనికి ఆయన చెప్పిన సమాధానం తెలివైనది: మరుగుజ్జులు తమ అసలు పేర్లను పరాయివాళ్లకు చెప్పరు, సమాధులపై కూడా చెక్కుకోరు. బయట వాడేవి ఉత్తరాది మనుషుల భాషలోని పేర్లు. రచయిత వాటిని నార్స్‌లోకి 'అనువదించాడు'. ఇదే పద్ధతిలో ఆ నవలలోని రోహన్ అనే రాజ్యపు ప్రజలకు పాత ఆంగ్ల పేర్లు ఇచ్చాడు. వారి రాజు థియోడెన్ పేరుకు అర్థం కూడా రాజనే. అదే నవలలోని మరుగుజ్జు గిమ్లి పేరును పోలిన మాట ఒకటి వోలుస్పా చివర్లో ఉంది కానీ, అది పుణ్యాత్ములు నివసించే చోటు పేరు.

'ది హాబిట్'లోని మరుగుజ్జుల పేర్లు పాఠకులకు నచ్చినంతగా టోల్కీన్‌కు నచ్చలేదు. 1937 డిసెంబరులో రాసిన ఒక లేఖలో, తన సొంత పురాణగాథల్లోని పొందికైన పేర్ల ముందు ఈ అరువు మరుగుజ్జుల మూక తనకు అంత ఇష్టం కాదన్నాడు. ఆయన తర్వాత వచ్చిన ఫాంటసీ నవలల్లో, ఆటల్లో మరుగుజ్జుల పేర్లకు మాత్రం ఆ మూకే ఒరవడి అయింది.