ఇంట్లో బిట్‌కాయిన్ మైనింగ్: ఉదయగిరి, ఆత్మకూరు కరెంట్ బిల్లుతో లెక్కేస్తే మిగిలేదెంత?

ఇంట్లో ఓ మూల మెషిన్ పెట్టి, ప్లగ్ వేసి, వైఫై ఇచ్చేస్తే చాలు. మీరు నిద్రపోతున్నా డాలర్లు వస్తూనే ఉంటాయి! షార్ట్స్‌లో, రీల్స్‌లో ఇలాంటి వీడియోలు మీకూ కనిపించే ఉంటాయి. వాటి కింద "అన్నా, మా ఊళ్లో పెట్టొచ్చా? ఎంత మిగుల్తుంది?" అనే కామెంట్లు కూడా మామూలే. వీడియో చేసినవాళ్లు మెషిన్ చూపిస్తారు, వాలెట్‌లో అంకెలు చూపిస్తారు. కరెంట్ బిల్లు మాత్రం చూపించరు. అందుకే ఆ బిల్లుతోనే మొదలుపెడదాం. అమెరికా కరెంట్ రేటుతో కాదు, ఉదయగిరి, ఆత్మకూరు ఇళ్లకు ఏపీఎస్పీడీసీఎల్ వేసే రేటుతో.

అసలు మైనింగ్ అంటే ఏంటి?

నెల్లూరు జిల్లాలో మైనింగ్ అనగానే సైదాపురం మైకా గనులే గుర్తొస్తాయి. ఇక్కడ తవ్వేదేమీ లేదు. బిట్‌కాయిన్ లావాదేవీలను దాదాపు పది నిమిషాలకోసారి ఒక 'బ్లాక్'గా కట్టి రికార్డు చేస్తారు. ఆ బ్లాక్ కట్టే ఛాన్స్ ఎవరిదో తేల్చడానికి ప్రపంచవ్యాప్తంగా ఉన్న మెషిన్లు ఒక నంబర్ కోసం ఊహాగానాలు చేస్తుంటాయి. ముందుగా సరైన నంబర్ తగిలినవాళ్లకు కొత్త బిట్‌కాయిన్లు వస్తాయి. ఒక రకంగా లాటరీ. ఎంత స్పీడ్ మెషిన్ ఉంటే అన్ని ఎక్కువ టికెట్లు కొన్నట్టు.

ఆ బహుమతి కూడా ఒకేలా ఉండదు. 2009లో బ్లాక్‌కు 50 బిట్‌కాయిన్లు వచ్చేవి. 2012లో 25, 2016లో 12.5, 2020లో 6.25... 2024 ఏప్రిల్ నుంచి 3.125 మాత్రమే. అంటే ఇప్పుడు రోజుకు మొత్తం ప్రపంచానికి కలిపి సుమారు 450 కొత్త కాయిన్లు. వాటి కోసం పోటీ పడుతున్న మెషిన్ల మొత్తం శక్తి 2025లో 1,000 ఎక్సాహాష్ మార్కును తాకింది. ఈ నంబర్ గుర్తుపెట్టుకోండి, లెక్కంతా దీని మీదే నడుస్తుంది.

పెద్ద మెషిన్ పెడితే..

హాబీగా చేసేవాళ్లు ఎక్కువగా మాట్లాడే పేరు యాంట్‌మైనర్. అందులో ఎస్21 మోడల్ స్పీడ్ 200 టెరాహాష్, లాగే కరెంట్ 3,500 వాట్లు. ప్రపంచం మొత్తం శక్తిలో ఈ ఒక్క మెషిన్ వాటా 50 లక్షల్లో ఒకటి. రోజుకు వచ్చే 450 కాయిన్లలో ఆ వాటా అంటే 0.00009 బిట్‌కాయిన్. లెక్క కోసం ఒక బిట్‌కాయిన్ రేటు రూ.80 లక్షలు అనుకుందాం. రోజుకు రూ.720, నెలకు రూ.21,600. (లావాదేవీల ఫీజు రూపంలో కాస్త కలుస్తుంది, పూల్ కమీషన్‌గా కాస్త పోతుంది. ఆ రెండూ పక్కన పెట్టేశాం.)

నెలకు ఇరవై వేలు పైన! ఇక్కడితో వీడియో అయిపోతుంది. మన లెక్క మాత్రం ఇప్పుడే మొదలవుతుంది.

3,500 వాట్ల మెషిన్ 24 గంటలు ఆడితే రోజుకు 84 యూనిట్లు, నెలకు 2,520 యూనిట్లు. ఏపీలో ఇళ్లకు స్లాబుల వారీగా రేటు ఉంటుంది. మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన ప్రతి యూనిట్‌కూ రూ.9.75. నెలకు 150 యూనిట్లు కాల్చే ఇంటిని తీసుకుందాం. ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, మోటార్ ఉన్న మామూలు ఇల్లు. దాని ఎనర్జీ చార్జీ రూ.567. ఈ మెషిన్ పెట్టాక అదే ఇంటి చార్జీ రూ.24,680 అవుతుంది! ఫిక్స్‌డ్ చార్జీలు, సర్దుబాటు చార్జీలు, విద్యుత్ సుంకం ఇంకా వేయలేదు.

అంటే వచ్చింది రూ.21,600, కరెంట్‌కు అదనంగా కట్టింది రూ.24,100. మెషిన్ ఎవరో ఊరికే ఇచ్చినా నష్టమే. దీనికి ట్యాక్స్ కూడా తోడైతే సీన్ ఇంకా మారిపోతుంది.

ట్యాక్స్ దగ్గర చాలామంది బోల్తా పడుతున్నారు

మామూలు వ్యాపారంలో ఖర్చులు తీసేసి లాభం మీద పన్ను కడతాం. క్రిప్టోలో అలా కుదరదు. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాంటి వర్చువల్ డిజిటల్ ఆస్తుల ఆదాయం మీద 30 శాతం ఫ్లాట్ పన్ను, దాని మీద 4 శాతం సెస్. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసేయడానికి లేదు. మరి మైనింగ్ చేసినవాళ్ల సంగతి? మైనింగ్ కోసం పెట్టిన మౌలిక సదుపాయాల ఖర్చును కొన్న ధరగా చూడబోమని కేంద్ర ఆర్థిక శాఖ 2022 మార్చిలోనే పార్లమెంటుకు చెప్పేసింది. మెషిన్ ఖర్చు, కరెంట్ ఖర్చు మీవే, పన్ను మాత్రం అమ్మిన మొత్తం మీద.

ఇంకో మాట. ఏడాది ఆదాయం ఎంత తక్కువున్నా సరే, ఈ పన్నుకు బేసిక్ మినహాయింపు వర్తించదు. ఉద్యోగం రాక ఇంట్లో ఉన్న కుర్రాడు మైనింగ్ చేసి పదివేలు అమ్ముకున్నా 30 శాతం కట్టాల్సిందే. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంతో సర్దుకోవడానికీ లేదు. 2022 జులై నుంచి 1 శాతం టీడీఎస్ కూడా ఉంది, అది రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది.

మన లెక్కలో వేస్తే రూ.21,600 మీద సెస్‌తో కలిపి పన్ను రూ.6,739. మిగిలేది రూ.14,861. కరెంట్‌కు కట్టాల్సింది రూ.24,100. నెలకు సుమారు రూ.9,250 చేతి నుంచి పోతుంది. ఈ లెక్క సమానం కావాలంటే బిట్‌కాయిన్ రేటు రూ.1.30 కోట్లు ఉండాలి. 2025 అక్టోబర్‌లో బిట్‌కాయిన్ రికార్డు సృష్టించినప్పుడు కూడా లక్షా 26 వేల డాలర్ల దగ్గరే ఆగింది, మన కరెన్సీలో రూ.1.1 కోట్ల చుట్టూ. రేటు పెరిగితే కొత్త మెషిన్లు కూడా వచ్చి పడతాయి, అప్పుడు మీ వాటా ఇంకా తగ్గుతుంది. అది వేరే తలనొప్పి.

సెకండ్ హ్యాండ్‌లో చీప్‌గా వస్తోందని పాత ఎస్9 కొందామనుకునేవాళ్లకు ఒక్క లైన్: అది రోజుకు తెచ్చేది రూ.50 లోపు, తాగే కరెంట్ రూ.300 పైన.

ఎండ, సౌండ్, వైరింగ్

ఎస్21 మెషిన్ అంటే రెండు గీజర్లు రాత్రీ పగలూ ఆన్‌లో ఉన్నట్టే. తీసుకున్న కరెంట్ మొత్తం వేడిగానే బయటికొస్తుంది. చలి దేశాల్లో ఆ వేడిని గది వెచ్చగా ఉంచుకోవడానికి వాడుకుంటారు కాబట్టి వాళ్లకు కొంత గిట్టుబాటు. మన మెట్ట ప్రాంతంలో మే నెల ఎండ సంగతి చెప్పాలా? ఇలాంటి మెషిన్లు లోపలికి పీల్చే గాలి 40, 45 డిగ్రీలు దాటకూడదంటారు. ఉదయగిరిలో మధ్యాహ్నం రేకుల గదిలో ఉండే వేడే అంత. ఏసీ పెడితే దాని యూనిట్లు మళ్లీ రూ.9.75 స్లాబులోనే పడతాయి.

సౌండ్ ఇంకో సమస్య. 75 డెసిబెల్స్ దాకా ఉంటుంది, ఇంట్లో మిక్సీ ఆపకుండా తిరుగుతున్నట్టు. పక్కింటివాళ్లు ఊరుకుంటారా అన్నది మీకే తెలియాలి.

వైరింగ్ విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 230 వోల్టుల మీద ఈ మెషిన్ 15 ఆంపియర్లు లాగుతుంది. ఇళ్లలో ఉండే 16 ఆంపియర్ల పవర్ ప్లగ్‌కు అది దాదాపు పూర్తి లోడ్, అదీ విరామం లేకుండా. పాత వైరింగ్, వదులైన సాకెట్ అయితే కరిగిపోయి మంటలు అంటుకునే ప్రమాదం ఉంది. పెట్టాలనుకుంటే విడిగా లైన్, విడిగా ఎంసీబీ వేయించి, డిస్కంలో లోడ్ పెంచుకోవాల్సిందే.

"పొలంలో ఫ్రీ కరెంట్ ఉంది కదన్నా!"

ఈ డౌట్ చాలామందికి వస్తుంది. రాష్ట్రంలో వ్యవసాయ పంపుసెట్లకు రోజుకు 9 గంటలు ఉచిత కరెంట్ ఇస్తున్నారు నిజమే. కానీ అది బోరు మోటారు కోసం. ఇచ్చిన పనికి కాకుండా వేరే పనికి వాడితే విద్యుత్ చట్టం 2003లోని సెక్షన్ 126 కింద అనధికార వాడకం అవుతుంది, రెట్టింపు రేటుతో వసూలు చేస్తారు. లైన్‌కు కొక్కెం తగిలిస్తే సెక్షన్ 135 కింద అది దొంగతనమే, జైలు శిక్ష కూడా ఉంటుంది. ఇంటి కనెక్షన్ తీసుకుని వరసగా పది మెషిన్లు పెట్టినా అదే సెక్షన్ 126 తలుపు తడుతుంది, ఎందుకంటే అది ఇంటి వాడకం కాదు.

సోలార్ సంగతేంటి? పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల ప్యానెళ్లకు రూ.78 వేల సబ్సిడీ వస్తుంది. మంచి స్కీమే. అయితే 3 కిలోవాట్లు రోజుకు ఇచ్చేది సుమారు 12 యూనిట్లు. మెషిన్‌కు కావాల్సింది 84. అంటే 20 కిలోవాట్లకు పైగా ప్యానెళ్లు కావాలి. మిద్దె చాలదు! ఆ 12 యూనిట్లతో ఇంటి బిల్లు తగ్గించుకోవడమే తెలివైన పని. భూటాన్ ప్రభుత్వం జలవిద్యుత్‌తో మైనింగ్ చేస్తోంది, అక్కడ కరెంట్ చవక, వాతావరణం చల్లన. మనకు ఆ రెండూ లేవు.

మరి చిన్న మెషిన్? గేమింగ్ పీసీ?

అరచేతిలో పట్టే బిట్‌యాక్స్ లాంటి బుల్లి మెషిన్లు ఈమధ్య బాగా ఫేమస్ అయ్యాయి. స్పీడ్ 1.2 టెరాహాష్, కరెంట్ 17 వాట్లు, అంటే నెలకు 12 యూనిట్లు. పూల్‌లో పెడితే పైన చెప్పిన రేటు లెక్కన నెలకు రూ.130 వస్తుంది. పన్ను పోను రూ.89. ఇల్లు 6 రూపాయల స్లాబులో ఉంటే కరెంట్‌కు రూ.73 పోయి 16 రూపాయలు మిగులుతుంది. ఎండాకాలం కూలర్, ఏసీ వాడి 8.75 స్లాబులోకి వెళ్లారా, 18 రూపాయలు నష్టం. పరికరం రూ.15 వేలు అనుకున్నా, నెలకు 16 చొప్పున ఆ డబ్బు వెనక్కి రావడానికి 78 ఏళ్లు.

పూల్ లేకుండా సోలోగా పెట్టి మొత్తం 3.125 బిట్‌కాయిన్లు కొట్టేద్దామనుకుంటే? అదీ అసాధ్యమేం కాదు. 2022 జనవరిలో 126 టెరాహాష్ మాత్రమే ఉన్న ఓ సోలో మైనర్‌కు బ్లాక్ తగిలి 6.25 బిట్‌కాయిన్లు వచ్చాయి. కానీ ఈ బుల్లి మెషిన్‌కు సగటు లెక్క చూస్తే దాదాపు 16 వేల ఏళ్లకు ఒక బ్లాక్. నిజాయితీగా చెప్పాలంటే మాకు నచ్చింది ఇదొక్కటే. ఎలక్ట్రానిక్స్, నెట్‌వర్కింగ్ నేర్చుకోవాలనుకునే బీటెక్ కుర్రాళ్లకు నెలకు రూ.73 కరెంట్‌తో మంచి టైంపాస్. సంపాదన అని ఇంట్లో చెప్పకండి, అంతే.

గేమింగ్ పీసీలో గ్రాఫిక్స్ కార్డుతో ఇథీరియం మైనింగ్ చేసి 2021లో సంపాదించినవాళ్లు నిజంగానే ఉన్నారు. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియం మైనింగ్ పద్ధతినే వదిలేసింది. ఆ కథ ముగిసింది. ఇప్పటికీ ఆ పాత వీడియోలే తిరుగుతున్నాయి, డేట్ చూసుకోండి.

ఫోన్‌లో మైనింగ్ యాప్‌లు అయితే అసలు మైనింగే చేయవు. ఫోన్‌లోనే మైనింగ్ చేసే యాప్‌లను గూగుల్, యాపిల్ 2018లోనే తమ స్టోర్ల నుంచి నిషేధించాయి. రోజూ ఒక బటన్ నొక్కితే వచ్చేది పాయింట్లు, ప్రకటనలు.

అసలు డబ్బు పోతున్నది ఇక్కడ

మెషిన్ కొని నష్టపోయినవాడికి కనీసం మెషిన్ అన్నా మిగులుతుంది. "మెషిన్ మా దగ్గరే ఉంటుంది, మీరు డబ్బు పెట్టండి, వాటా పంపిస్తాం" అనే క్లౌడ్ మైనింగ్‌లో అదీ ఉండదు. హెచ్‌పీజెడ్ టోకెన్ యాప్ కేసు చూడండి. బిట్‌కాయిన్ మైనింగ్ మెషిన్ల మీద పెట్టుబడి అని చెప్పి, రూ.57 వేలు కడితే మూడు నెలల పాటు రోజుకు రూ.4 వేలు ఇస్తామన్నారు. ఒక్కసారి చెల్లించి, తర్వాత మళ్లీ డబ్బు అడిగారని ఈడీ చెప్పింది. 2024లో 299 సంస్థలు, వ్యక్తుల మీద చార్జిషీట్ వేసింది. అంతకుముందు గెయిన్‌బిట్‌కాయిన్. 2015లో మొదలైన ఈ స్కీమ్‌లో నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామన్నారు. నిర్వాహకుడు అమిత్ భరద్వాజ్‌ను 2018లో అరెస్ట్ చేశారు. ఆ కేసులో సీబీఐ 2025 ఫిబ్రవరిలో కూడా దేశవ్యాప్తంగా సోదాలు చేసింది.

పైన వేసిన లెక్క ఇక్కడ పనికొస్తుంది. 3,500 వాట్ల మెషిన్ రోజంతా ఆడితే వచ్చేది ఖర్చులు పోకముందే రూ.720. ఎవరైనా రూ.57 వేలకు రోజుకు రూ.4 వేలు ఇస్తానంటే అవి ఏ మెషిన్ నుంచి వస్తున్నాయో అడగండి. తెలిసిన అన్నే జాయిన్ చేయించినా, వాట్సాప్ గ్రూపులో విత్‌డ్రాల్ స్క్రీన్‌షాట్లు పెట్టినా సరే. ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి. ఎంత తొందరగా చెబితే, అవతలి ఖాతాలో డబ్బు ఆపే ఛాన్స్ అంత ఎక్కువ. లావాదేవీ నంబర్, యూపీఐ వివరాలు, చాట్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి, చాట్ డిలీట్ చేయకండి.

మైనింగ్ చట్టవిరుద్ధమా అంటే, మన దేశంలో దాన్ని నిషేధించే చట్టం లేదు. పన్ను కట్టాలి, కరెంట్ సరైన కేటగిరీలో వాడాలి. కాయిన్లు అమ్మేటప్పుడు కేంద్ర ఆర్థిక నిఘా విభాగం ఎఫ్‌ఐయూలో నమోదైన ఎక్స్ఛేంజ్‌నే వాడాలి. ఎక్స్ఛేంజ్‌లో ఉంచితే సేఫ్ అనుకోవడం కూడా కరెక్ట్ కాదు. 2024 జులైలో వజీర్‌ఎక్స్ నుంచి హ్యాకర్లు సుమారు రూ.2 వేల కోట్ల విలువైన క్రిప్టో కొట్టేశారు.

ఇంకా మెషిన్ కొనాలనే ఉంటే ముందు మీ పాత కరెంట్ బిల్లు తీసి ఏ స్లాబులో ఉన్నారో చూసుకోండి. 2028లో మరో హాల్వింగ్ రాబోతోంది, బ్లాక్ బహుమతి 1.5625కి తగ్గుతుంది. మిగతావన్నీ ఇలాగే ఉంటే పైన చెప్పిన రూ.720 ఆ రోజు నుంచి రూ.360.