శాసనం రాయి దిగి సభకెక్కింది

సిద్దిపేటలో ‘శాసనసభ్యుడు’ పేపర్లో అచ్చయ్యే మాట. నోట నలిగేది ‘ఎమ్మెల్యే సారే’.

శాసనానికి మూలం సంస్కృతంలోని ‘శాస్’: ఆజ్ఞాపించడం, బోధించడం. శాస్త్రం, శిష్యుడు దీని తోబుట్టువులే. మన దగ్గర శతాబ్దాల పాటు శాసనమంటే రాతి మీదో రాగిరేకు మీదో చెక్కించిన రాజు మాట. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో 1163 నాటి రుద్రదేవుడి శాసనం అలాంటిదే. చట్టమనే అర్థం తర్వాత తగులుకుంది.

1951లో తెలంగాణ సాయుధ పోరాటం ఆగింది. మరుసటేడే వయోజన ఓటుతో 175 మంది హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు వచ్చారు. నిషేధంలో ఉన్న కమ్యూనిస్టులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో గెలిచారు. నిజాంను ఎదిరించినవాళ్లే శాసించేవాళ్లయ్యారు!

సభకు మరోలా పేరు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు: తిరుగుబాటు కాలపు అమెరికాలో, 1776లో, వర్జీనియా తన దిగువ సభకు ‘హౌస్ ఆఫ్ డెలిగేట్స్’ అని కొత్త పేరు పెట్టుకుంది. డెలిగేట్ అంటే పంపబడినవాడు, ప్రతినిధి. మన ‘శాసనసభ్యుడు’ మాటలో పంపినవాళ్ల జాడ లేదు, ఆజ్ఞే ఉంది. నాకిది కొంచెం గుచ్చుకుంటుంది.

సిద్దిపేట మాత్రం పంపడం మానలేదు. కేసీఆర్ 2001లో శాసనసభ్యత్వానికి రాజీనామా చేసి మళ్లీ ఇక్కడే గెలిచారు. 2004, 2008, 2010 ఉప ఎన్నికల్లో హరీశ్‌రావు గెలిచారు.