అమ్మలు గెలిచిన బోర్డు

1967 ఆగస్టు. న్యూయార్క్ నగరం, బ్రూక్లిన్‌లో ఓషన్ హిల్-బ్రౌన్స్‌విల్ అనే పేదల పేట. నల్లజాతి కుటుంబాలు, ప్యూర్టోరికో నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఉండే చోటు. అక్కడ బళ్లను నడిపే బోర్డుకు ఒక చిన్న ఎన్నిక జరిగింది. నిలబడినవాళ్లు నాయకులు కారు, ఆ పేట బళ్లలో చదువుకునే పిల్లల అమ్మానాన్నలు. కొందరు మెట్లెక్కి, తలుపు తట్టి ఓట్లు సేకరించారు. ఎన్నిక అలా ఇంటింటికీ తిరిగి నడిపారని తర్వాత తప్పుపట్టినవాళ్లున్నారు. పొద్దున్నే పనికి వెళ్లి చీకటిపడ్డాక ఇల్లు చేరే తల్లి దగ్గరికి ఓటు నడిచి రాకపోతే, ఓటు దగ్గరికి ఆమె ఎప్పుడు నడిచి వెళ్తుంది? ఆ తప్పు నా కంటికి తప్పుగా కనబడదు.

గెలిచినవాళ్లలో ఎక్కువమంది తల్లులే. వాళ్ల బోర్డుకు అధ్యక్షుడిగా రెవరెండ్ హెర్బర్ట్ ఆలివర్ ఉన్నారు. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో పౌరహక్కుల కోసం పనిచేసి వచ్చిన పాస్టర్ ఆయన. బళ్ల నిర్వహణ చూసింది రోడీ మెకాయ్ అనే అనుభవమున్న విద్యావేత్త.

ఇంత దూరం రావడానికి ఆ తల్లులు పడ్డ బాధ చిన్నది కాదు. తెల్లవాళ్ల పిల్లలతో కలిపి చదివించండని ఏళ్ల తరబడి అడిగారు. 1964 ఫిబ్రవరి 3న నగరమంతా నాలుగున్నర లక్షల మందికి పైగా పిల్లలు బడి మానేసి నిరసన తెలిపినా ఏమీ కదల్లేదు. చివరికి, కలపకపోతే మానె, మా పిల్లల బడి మా చేతికివ్వండి అన్నారు. నగర విద్యా మండలి ఒప్పుకుంది. హార్లెంలో ఒకటి, మన్‌హట్టన్ దిగువన ఒకటి, ఇక్కడొకటి, మొత్తం మూడు చోట్ల స్కూలు జిల్లాలు పెట్టి ప్రయోగం చేద్దామంది. ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బు సాయం చేసింది.

కానీ టీచర్లను ఎవరు నియమించాలి, ఎవరు మార్చాలి, డబ్బు ఎవరి చేతి మీదుగా ఖర్చవ్వాలి అన్నది ఎవరూ తేల్చి రాసివ్వలేదు. కుర్చీ ఇచ్చారు, దాని కింద నేల ఎవరిదో చెప్పలేదు. కథ మొత్తం అక్కడే చెడింది.

మన దగ్గరా 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బళ్లలో యాజమాన్య కమిటీలు పెట్టారు. సభ్యుల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. చేతులెత్తి నన్నూ ఎన్నుకున్నారు ఒకసారి. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు నాకు, బడి కోసం ఏమేం చెయ్యాలో లెక్కలేసుకుంటూ. తర్వాత నా దగ్గరికి వచ్చింది రిజిస్టరు ఒక్కటే. మా వాడి చేతికిచ్చి పంపేవారు. మీటింగులో చర్చించామన్న మాటలు అప్పటికే అందులో రాసి ఉండేవి. నా పేరు పక్కన పెన్సిల్‌తో చిన్న టిక్కు. అక్కడ సంతకం పెట్టాలి. పెట్టేదాన్ని. ఓషన్ హిల్ తల్లుల గురించి చదివిన ప్రతిసారీ ఆ టిక్కు గుర్తొస్తుంది. వాళ్లు దాని దగ్గర ఆగలేదు.

1968 మే 9న వాళ్ల బోర్డు 19 మందికి ఉత్తరాలు పంపింది. 13 మంది టీచర్లు, ఆరుగురు పర్యవేక్షకులు. ఈ జిల్లాలో మీ పని ముగిసింది, లివింగ్‌స్టన్ స్ట్రీట్‌లోని కేంద్ర కార్యాలయంలో హాజరుకండి అన్నది సారాంశం. ఇది బదిలీ అంది బోర్డు. విచారణ లేకుండా ఉద్యోగం ఊడబెరకడం అంది టీచర్ల సంఘం. ఉత్తరం అందుకున్న ఫ్రెడ్ నౌమన్ అనే సైన్సు టీచరు చిన్నప్పుడు నాజీ జర్మనీ నుంచి తప్పించుకుని వచ్చిన యూదుడు. అలాంటి మనిషికి, కారణం చెప్పకుండా వెళ్లిపొమ్మనే కాగితం ఎలా కనబడి ఉంటుందో ఆలోచిస్తే నోట మాట రాదు. ఆ తల్లుల మీద ఎంత ప్రేమ ఉన్నా, ఆ ఉత్తరం పొరపాటనే అంటాను. వాళ్ల ఓపిక నశించిన తీరు మాత్రం అర్థమవుతుంది.

తర్వాత ఆ టీచర్ల మీద విచారణ జరిపిన విశ్రాంత న్యాయమూర్తి ఫ్రాన్సిస్ రివర్స్ కూడా నల్లజాతివారే. ఆరోపణలు నిలబడవని ఆయన తేల్చారు. అయినా బోర్డు వెనక్కి తగ్గలేదు. సెప్టెంబరులో తిరిగొచ్చిన టీచర్లను ఒక బడి హాల్లో కూర్చోబెట్టారు. చుట్టూ పేట జనం, కేకలు, బెదిరింపులు. లైట్లు ఆరిపోయేవి, వెలిగేవి, మళ్లీ ఆరిపోయేవి. ఆ చీకట్లో కూర్చున్న టీచరు అక్షరం చెప్పిన పిల్లల అమ్మానాన్నలే గోడ వారగా నిలబడి ఉన్నారు. ఒకరి ముఖం ఒకరికి కనపడకుండా పోయింది ఆ హాల్లోనే అనిపిస్తుంది నాకు.

దాంతో టీచర్ల సంఘం అధ్యక్షుడు ఆల్బర్ట్ షాంకర్ నాయకత్వంలో నగరమంతా సమ్మె. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మూడు విడతలు, 36 పనిదినాలు. పది లక్షల మందికి పైగా పిల్లలకు చదువు ఆగిపోయింది. విచిత్రం ఏమంటే, ఓషన్ హిల్ బళ్లు మాత్రం నడిచాయి. పోలీసుల బారికేడ్ల మధ్య నుంచి తల్లులు పిల్లల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు. లోపల కొత్తగా చేరిన కుర్ర టీచర్లు, వాళ్లలో చాలామంది తెల్లవాళ్లు, యూదులు కూడా. ఆఫ్రికా చరిత్ర చెప్పారు, స్పానిష్ మాట్లాడే పిల్లలకు స్పానిష్‌లోనూ పాఠం చెప్పారు. బయట మాత్రం యూదులను తిడుతూ ఎవరో రాసిన కరపత్రాన్ని సంఘమే లక్షల కాపీలు వేయించి ఊరంతా పంచింది. పౌరహక్కుల కోసం నిన్నటిదాకా భుజం భుజం కలిపి నడిచిన రెండు జాతుల మధ్య ఆ కాగితం పెట్టిన గాయం చాలా కాలం మానలేదు.

నవంబరు 17న రాజీ కుదిరింది. తీసేసిన టీచర్లు తిరిగొచ్చారు. బోర్డును పక్కనపెట్టి జిల్లాను రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి చేతిలో పెట్టారు. సమ్మెలో పోయిన చదువు పూడ్చడానికి రోజుకు 45 నిమిషాలు బడి పెంచారు, కొన్ని సెలవులు రద్దు చేశారు. పోయిన గంటలకు లెక్క సరిపోయింది.

మరుసటి ఏడాది కొత్త చట్టం వచ్చింది. విద్యార్థుల సంఖ్య 20,000 ఉంటే తప్ప జిల్లా కాదన్నారు. ఓషన్ హిల్‌లో అందులో సగమైనా లేరు. అలా ఆ జిల్లా పటం నుంచే పోయింది. నగరమంతటికీ కొత్త బోర్డులు వచ్చాయి గానీ 1970లో వాటికి జరిగిన మొదటి ఎన్నికల్లో పడ్డవి దాదాపు 15 శాతం ఓట్లే. రానురాను చాలా బోర్డులు స్థానిక నాయకుల గుప్పిట్లోకి వెళ్లాయి, ఉద్యోగాల బేరాలు మొదలయ్యాయి. 2002లో బళ్లన్నీ మేయర్ చేతికిచ్చేశారు.

1969 చట్టంలో ఒక మంచి మాట ఉండేది. పిల్లాడు ప్రభుత్వ బడిలో చదువుతుంటే చాలు, అమెరికా పౌరసత్వం లేని తల్లికీ తండ్రికీ కూడా స్కూలు బోర్డు ఎన్నికల్లో ఓటుండేది. డొమినికన్ల దగ్గర్నుంచి మనవాళ్ల దాకా ఏ దేశం నుంచి వచ్చినా సరే. బోర్డులతోపాటు అదీ పోయింది. ఆ ఓటు చివరిసారి పడింది 1999లో.